రౌతు కొద్దీ గుర్రం

పాఠ్యభాగ పరిచయం

అశ్వారోహణం ఒకనాడు యుద్ధవిద్య. నేడు అది క్రీడ, వ్యాయామం. ఏ కాలంలోనైనా అది మనోనిగ్రహానికి పరీక్ష. తనకంటె ఎన్నో రెట్లు బలమైన ప్రాణితో కలిసి ప్రయాణించడానికి మనిషి ఏ గుణాలను అలవరచుకోవాలో పురాణగాథలు, చరిత్ర, వర్తమాన క్రీడారంగం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యాంశం

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో ప్రతిదీ అతనికి ఒక్కొక్క మేలు చేసింది. ఆవు పాలిచ్చింది. ఎద్దు దుక్కి దున్నింది. కుక్క ఇల్లు కాచింది. గుర్రం దూరాన్ని దగ్గర చేసింది. రైలుబండి రాకపూర్వం నేలమీద మనిషి అందుకోగలిగిన మిక్కిలి వేగం గుర్రపు వేగమే. రాజ్యవిస్తరణకు, వార్తల చేరవేతకు, వర్తకానికి, యుద్ధానికి అదే ఆలంబనం. నేడు ఆ పనులన్నింటినీ యంత్రాలు చేస్తున్నాయి. అయినా గుర్రం మన భాషను విడిచి వెళ్ళలేదు. కోరికలకు కళ్ళెం వేయమంటాం. ఫలానావారు పాలనాపగ్గాలు చేపట్టారంటాం. జన్మలో ఒక్కసారైనా గుర్రమెక్కనివారు సైతం ఈ మాటలను అలవోకగా వాడుతున్నారంటే, మనిషి తన బ్రతుకుతో పోల్చుకోదగినదేదో అశ్వారోహణంలో ఉన్నదన్నమాట.

ఆ పోలికను మన పెద్దలు మూడు మాటలలో ఇమిడ్చారు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అని సామెత. స్వారీ చేసేవాడు రౌతు. అతడు ఎటువంటివాడైతే గుర్రమూ అటువంటిదవుతుందని దీని భావం. యజమాని తీరును బట్టి పనివారు, గురువు తీరును బట్టి శిష్యులు నడచుకొంటారని చెప్పడానికి దీనిని వాడతాం. ఈ సామెతలో ఒక హెచ్చరిక కూడా దాగి ఉంది. గుర్రం దారి తప్పినప్పుడు ముందుగా పరీక్షించుకోవలసినవాడు రౌతే అన్నది ఆ హెచ్చరిక. అది ఎంతవరకు సత్యమో తెలియాలంటే మొదట గుర్రం స్వభావం తెలియాలి.

పెరిగిన గుర్రం బరువు సాధారణంగా నాలుగైదు వందల కిలోలు ఉంటుంది. ఒక్క తన్నుతో మనిషి ఎముకలు విరిచేయగల బలం దానిది. అయినా అది స్వభావరీత్యా భయస్థురాలైన ప్రాణి. పచ్చిక మేసి బ్రతికే జంతువు కనుక క్రూరమృగాల బారినుండి పరుగెత్తి ప్రాణం కాపాడుకోవడమే దానికి ప్రకృతి నేర్పిన విద్య. దాని కన్నులు తలకు ఇరువైపులా ఉంటాయి. అందువల్ల అది కదలకుండా నిలుచుండే చుట్టూ ఉన్న ప్రదేశాన్ని దాదాపు అంతటినీ చూడగలదు. సరిగా తన వెనుకభాగం, నొసటికి ఎదురుగా ఉన్న కొద్దిపాటి చోటు మాత్రమే దానికి కనిపించవు. వెనుకనుండి చప్పుడు చేయక వచ్చిన మనిషి దానికి శత్రువుగా తోస్తాడు. అందుకే తెలిసినవారు గుర్రాన్ని దాని భుజంవైపునుండి, మెల్లగా మాటాడుతూ సమీపిస్తారు. ఎదుటివారికి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో గ్రహించి మసలుకోవడం అశ్వారోహణంలో తొలిపాఠం. జీను వేయడం, కళ్ళెం తొడగడం ఆ తరువాతివి.

ఈ తొలిపాఠానికి ప్రపంచచరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. మాసిడోనియా రాజు ఫిలిప్ ఎదుటకు ఒక వర్తకుడు మేలుజాతి గుర్రాన్ని తెచ్చాడు. అది ఎవ్వరినీ దగ్గరకు రానీయలేదు. ఎక్కబోయినవారినందరినీ విదలించివేసింది. పొగరుబోతు గుర్రమని రాజు దానిని తిప్పి పంపబోయాడు. అప్పటికి పసివాడైన రాకుమారుడు అలెగ్జాండర్ మాత్రం దానిని నిదానంగా గమనించి, నేలమీద కదులుతున్న తన నీడను చూసి అది బెదురుతున్నదని గ్రహించాడు. పగ్గం పట్టుకొని దాని ముఖాన్ని సూర్యునివైపు తిప్పాడు. నీడ వెనుకకు పోయింది. దువ్వుతూ, కొంతదూరం దాని వెంట నడిచి, అది కుదుటపడిన తరువాత మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన ఈ వృత్తాంతంలోని గుర్రం పేరు బ్యూసెఫలస్. క్రీ.పూ. 326లో జీలం నదీతీరాన పురుషోత్తమునితో జరిగిన యుద్ధం వరకు అది అలెగ్జాండర్‌ను మోసింది. ఆ తరువాత మరణించిన గుర్రం పేరిట అతడు ఒక నగరాన్నే నెలకొల్పాడు. పెద్దలకు పొగరుగా కనిపించింది ఆ బాలునికి భయంగా కనిపించింది. మొండివారని మనం ముద్ర వేసినవారిలో భయపడుతున్నవారు ఎందరుంటారో ఆలోచించదగినది.

మన వాఙ్మయంలో గుర్రం మనసెరిగినవాడు నలుడు. ఆ విద్యకు పెద్దలు పెట్టిన పేరు ‘అశ్వహృదయం’. మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఈ విద్య గొప్పతనాన్ని చక్కగా చిత్రించింది. రాజ్యం కోల్పోయి, రూపం మారి, బాహుకుడనే పేరుతో నలుడు అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు కొలువులో ఉన్నాడు. ఒక్క పగటిలో విదర్భ చేరవలసి వచ్చినప్పుడు అతడు అశ్వశాలలోనుండి బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చాడు. వాటిని చూసి రాజు విసుగుకొన్నాడు. ఇవే మనలను చేర్చగలవని బాహుకుడు నెమ్మదిగా బదులు చెప్పాడు. రథానికి పూన్చినప్పుడు ఆ గుర్రాలు మోకాళ్ళమీద నేలకు వంగిపోయాయి. అతడు కొరడా ఎత్తలేదు. అనునయించి లేపాడు. తరువాత ఆ రథం ఎంత వేగంగా సాగిందంటే, జారిపడిన ఉత్తరీయాన్ని తీసుకొందామని రాజు అనేలోపే అది ఆమడ దూరం వెనుకబడిపోయింది. రథం విదర్భను సమీపించగానే, ఏనాడో అక్కడికి చేరిన నలుని పూర్వపు గుర్రాలు ఆ ధ్వనిని ఆలకించి పులకించాయి. మారిన రూపం మనుషులను మోసగించింది కాని, ఆ చేతివాటం గుర్రాలను మోసగించలేదు.

అయితే ఇదే కథలో మరొక సత్యం ఉంది. ఇంతటి అశ్వవిద్యానిపుణుడు జూదంలో రాజ్యాన్ని ఒడ్డి అడవుల పాలయ్యాడు. గుర్రాల హృదయం తెలిసినవాడు, పాచికలు చేతబట్టినవేళ తన హృదయాన్ని నిలుపుకోలేకపోయాడు. పగ్గాలు పట్టడంలో సాటిలేనివానికి తన మనసు పగ్గం పట్టు తప్పింది. ఋతుపర్ణునివద్ద అక్షహృదయాన్ని గ్రహించిన పిదపనే కలి అతనిని వీడి వెళ్ళాడు. ఒక విద్యలో నైపుణ్యం సంపాదించినంత మాత్రాన ఆత్మనిగ్రహం దానంతట అది రాదు. దానిని వేరుగా సాధించుకోవాలి. విద్యార్థి దశలో గుర్తుంచుకోవలసిన విషయమిది.

గుర్రం రౌతు మనసును పసికట్టగలదన్న మాటకు ఆధునిక శాస్త్రపరిశోధన కూడా బలం చేకూర్చింది. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరు గుర్రాలను నడిపించుకొంటూనో, వాటిపై స్వారీ చేస్తూనో ఒకే దారిలో నాలుగుసార్లు సాగారు. చివరిసారి బయలుదేరేముందు, గుర్రం దాటే సమయంలో ఒక గొడుగును హఠాత్తుగా తెరుస్తామని వారికి చెప్పారు. నిజానికి గొడుగు తెరవనే లేదు. అయినా గుర్రం ఎక్కడ బెదురుతుందోనన్న ఆందోళనతో మనుషుల గుండె వేగం పెరిగింది. ఆ మాట అర్థమే కాని గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. భయహేతువు లేదు, భయం మాత్రం ఉంది. అది మనిషి నుండి గుర్రానికి ప్రాకింది.

ఇటువంటి స్థితి ఎక్కడికి దారి తీస్తుందో 2021లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడు జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్ అనే పంచక్రీడా పోటీ ఉన్నది. కత్తిసాము, ఈత, అశ్వారోహణం, పరుగు, తుపాకీ గురి అందులోని అంశాలు. ఇందులో క్రీడాకారులు తమ సొంత గుర్రంపై పోటీ చేయరు. చీటీ ద్వారా వచ్చిన కొత్త గుర్రంతో కొద్ది నిమిషాలలోనే చెలిమి చేసుకోవాలి. మహిళల విభాగంలో అందరికంటె ముందున్న జర్మనీ క్రీడాకారిణికి వచ్చిన గుర్రం, అంతకుముందు వేరొకరి స్వారీలోనే మొరాయించి ఉన్నది. ఆమెను ఎక్కించుకొన్న తరువాతా అది కదలలేదు. పతకం చేజారుతున్నదన్న దుఃఖంతో ఆమె కన్నీరు పెట్టుకొంది. కొరడా ఝళిపించింది. ఆమె శిక్షకురాలు గుర్రాన్ని పిడికిలితో కొట్టింది. ఆందోళన పెరిగినకొద్దీ గుర్రం మరింత మొండికెత్తింది. పతకం దక్కలేదు. శిక్షకురాలిని పోటీలనుండి తొలగించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ తరువాత ఆ పోటీనుండి అశ్వారోహణాన్నే తీసివేయాలని అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించింది. ఎన్నో ఏళ్ళు శ్రమించిన ఒక యువతి వేదనను తప్పుపట్టడం సులభం. కాని పరిచయం కూడా సరిగా లేని ప్రాణినుండి పూర్తి విధేయతను ఆశించిన ఏర్పాటులోనే లోపం ఉన్నదని గుర్తించడం న్యాయం.

ఇక్కడ మరొక సామెతను విచారించాలి. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుంది’ అంటారు. ఈ సామెతను చూపి, భయపెడితేనే ఎవరైనా దారికి వస్తారని కొందరు వాదిస్తారు. అది సరైన అన్వయం కాదు. మెత్తదనం వేరు, మృదుత్వం వేరు. ఏం కావాలో తనకే తెలియక, క్షణానికొక సంజ్ఞ చేసే రౌతు మెత్తనివాడు. గుర్రం అతనిని లెక్కచేయదు. ఏం కావాలో తెలిసి, దానిని స్పష్టంగా, అవసరమైనంత మాత్రమే చెప్పేవాడు మృదువైనవాడు. పగ్గం పట్టే తీరులో ఈ భేదం తెలుస్తుంది. గుర్రం ఆగాలంటే రౌతు పగ్గాన్ని కొద్దిగా బిగిస్తాడు. గుర్రం ఆగిన మరుక్షణమే సడలిస్తాడు. ఆ సడలింపే దానికి బహుమానం. తాను చేసినది సరైన పని అని దానివల్లనే అది నేర్చుకొంటుంది. మాట విన్నాక కూడా పగ్గాన్ని బిగించి ఉంచితే వినడంవల్ల ప్రయోజనం లేదని గుర్రం గ్రహిస్తుంది. క్రమంగా దాని నోరు మొద్దుబారుతుంది, ఆపై ఎంత లాగినా లక్ష్యపెట్టదు. బిడ్డలను పెంచేవారు, శిష్యులకు బోధించేవారు, పదిమందిని నడిపించేవారు ఈ సూక్ష్మాన్ని గ్రహించాలి. మందలింపునకు ఎంత విలువ ఉన్నదో, దానిని సకాలంలో విరమించడానికీ అంత విలువ ఉంది.

క్రీ.పూ. నాలుగవ శతాబ్దానికి చెందిన గ్రీకు సేనాని జెనొఫన్ అశ్వారోహణంపై ఒక గ్రంథం రచించాడు. కోపంతో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోరాదని అందులో ఆయన హితవు చెప్పాడు. కోపం ముందుచూపును మింగివేస్తుందని, ఆ క్షణాన చేసిన పనికి తరువాత విచారించవలసి వస్తుందని ఆయన అభిప్రాయం. యుద్ధరంగంలో ఆరితేరిన సేనాని నోట ఈ మాట రావడం గమనార్హం.

అశ్వారోహణం ఓర్పునూ నేర్పుతుంది. మన ప్రాచీనులు గుర్రపు గతులను నిశితంగా పరిశీలించారు. అమరకోశం ఐదు గతులను పేర్కొని వాటికి ‘ధార’లని పేరు పెట్టింది. నేర్చుకొనేవాడు ముందుగా నడకలో కుదురుగా కూర్చోవడం సాధించాలి. అటుపిమ్మట దుముకుడు నడక, ఆ తరువాతనే దౌడు. నడకలో నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటి నేలను తాకుతాయి. దుముకుడు నడకలో ఎదురెదురు మూలలలోని రెండేసి కాళ్ళు కలిసి పడతాయి. ఈ లయ రౌతు నడుముకు అలవడనంతకాలం అతడు జీనుమీద ఎగిరెగిరి పడుతూనే ఉంటాడు. లయ అలవడిన నాడు అదే కుదుపు అతనిని మోస్తుంది. పడిపోవడం ఈ విద్యలో వింత కాదు. పడినవాడు ఎందుకు పడ్డాడో తెలుసుకొని మళ్ళీ ఎక్కితే ఆ పతనమే పాఠమవుతుంది. మొదటినాడే దౌడు తీయబోయినవానికి గుర్రం గుణం చూసే అవకాశం దక్కదు, నేల గుణం తెలిసివస్తుంది.

శరీరబలంతోనే గుర్రాన్ని లొంగదీయగలమన్న భ్రమను పటాపంచలు చేసిన వనిత లిస్ హార్టెల్. ఆమెది డెన్మార్క్ దేశం. 1944లో, ఇరవైమూడేళ్ళ వయసులో, గర్భవతిగా ఉన్న రోజులలో ఆమెకు పోలియో సోకింది. దేహమంతా చచ్చుబడింది. పట్టుదలతో సాధన చేసి చాలావరకు కోలుకొన్నా మోకాళ్ళకు దిగువన చలనం తిరిగి రాలేదు. గుర్రమెక్కడానికీ, దిగడానికీ ఆమెకు ఇతరుల సాయం కావలసిందే. కవాతువంటి లయబద్ధమైన అశ్వవిన్యాసాన్ని డ్రెసాజ్ అంటారు. అందులో రౌతు తన కాళ్ళ ఒత్తిడితో గుర్రానికి అనేక సంజ్ఞలు చేయాలి. ఆ కాళ్ళే ఆమెకు లేనట్లయ్యాయి. శరీరపు బరువును అటూ ఇటూ సూక్ష్మంగా మార్చడం ద్వారానే ఆమె తన గుర్రం జూబిలీకి మనసులోని మాట తెలిపింది. అంతకుముందు ఒలింపిక్స్‌లో ఈ పోటీ సైనికాధికారులకే పరిమితం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో తొలిసారి స్త్రీలకు ప్రవేశం లభించింది. పురుషులతో సమానంగా పోటీపడి ఆమె రజతపతకం గెలుచుకొంది. 1956లో మరల రజతం సాధించింది. అశ్వారోహణాన్ని వికలాంగులకు చికిత్సగా ఉపయోగించే పద్ధతి వ్యాప్తి చెందడానికి ఆమె విజయం ప్రేరణ అయింది. బలం లేనిచోట స్పష్టత, ఓర్పు, పరస్పర విశ్వాసం ఎంతటి కార్యాన్ని సాధించగలవో ఆమె జీవితం నిరూపించింది.

గుర్రాన్ని ఎక్కడం సగం విద్య. దానిని పోషించడం మిగిలిన సగం. స్వారీ ముగిసిన రౌతు వెంటనే విశ్రమించరాదు. చెమట ఆరేవరకు గుర్రాన్ని నెమ్మదిగా నడిపించాలి. జీను విప్పి, ఒళ్ళు తుడిచి, గిట్టల సందున ఇరుక్కొన్న రాళ్ళను తీసి, మేత, నీరు అమర్చిన తరువాతనే తన ఆకలి చూసుకోవాలి. పదమూడవ శతాబ్దంలో దక్షిణ భారతాన్ని దర్శించిన మార్కోపోలో ఇక్కడి తీరాన తాను గమనించిన ఒక విషాదాన్ని నమోదు చేశాడు. పాండ్య రాజులు అపారధనం వెచ్చించి ఏటేటా సముద్రంమీదుగా గుర్రాలను తెప్పించుకొనేవారట. వాటి పోషణ తెలిసినవారు లేకపోవడంచేత సంవత్సరం తిరిగేసరికి చాలావరకు మరణించేవట. కొనుగోలు చేయడానికి ధనం చాలు. నిలుపుకోవడానికి జ్ఞానం, శ్రద్ధ కావాలి. మహాభారతంలో నకులుడు ఈ శ్రద్ధకు ప్రతీక. అజ్ఞాతవాస సమయంలో విరాటుని కొలువులో అతడు అశ్వపాలకుడుగా చేరాడు. తిక్కన భారతంలో అతని మారుపేరు దామగ్రంథి. రాజవంశంలో పుట్టినా గుర్రాల సేవ అతనికి చిన్నతనమనిపించలేదు. తెలిసిన విద్య కనుకనే ఆపత్కాలంలో అదే అతనిని కాపాడింది.

స్వతంత్ర భారతదేశంలోనూ ఈ విద్య వన్నె తరగలేదు. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణార్థులు అశ్వారోహణం నేర్చుకొంటారు. అధికారం చేపట్టబోయేవారికి ఇది తగిన శిక్షణే. గుర్రం ఎక్కినవాని హోదా చూడదు, చేతితీరు చూస్తుంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘుబీర్ సింగ్ స్వర్ణం గెలిచిన తరువాత అశ్వక్రీడలలో మన దేశానికి మరో స్వర్ణం రావడానికి 41 ఏళ్ళు పట్టింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యాకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనుష్ అగర్వాలా బృందం డ్రెసాజ్‌లో ఆ ఘనత సాధించింది. ఇద్దరు యువతులు, ఇద్దరు యువకులు ఒకే జట్టుగా నిలవడం ఈ క్రీడ ప్రత్యేకత. ఒలింపిక్ అశ్వక్రీడలలో స్త్రీపురుషులకు వేర్వేరు పోటీలు లేవు.

గుర్రాలు మన వీధులనుండి కనుమరుగయ్యాయి. వాటి పేరు మాత్రం యంత్రాలకు మిగిలింది. ఇంజను సామర్థ్యాన్ని నేటికీ ‘అశ్వశక్తి’తోనే కొలుస్తాం. మన ఊళ్ళలో తిరిగే సాధారణ మోటారు సైకిలు శక్తి సుమారు ఎనిమిది అశ్వశక్తులు. పూర్వం ఒక్క గుర్రంపై పట్టు సాధించడానికి యువకుడు సంవత్సరాలు శ్రమించేవాడు. నేటి యువకుని చేతికి ఎనిమిది గుర్రాల బలం ఒక్క తాళంచెవితో అందుతున్నది. ఎదుట గొయ్యి ఉంటే గుర్రం తానే ఆగుతుంది. రౌతు ఆవేశపడితే బెదిరి హెచ్చరిస్తుంది. యంత్రానికి భయం లేదు, ప్రాణంమీద తీపి లేదు. తన పైనున్నవాడు కోపంతో ఉన్నా, ఉన్మత్తుడై ఉన్నా, చెప్పినట్టే పరుగెత్తుతుంది. గుర్రం విషయంలో రౌతుకు ఎంత నిగ్రహం అవసరమో, యంత్రం విషయంలో అంతకు ఎన్నో రెట్లు అవసరం.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంతోను, ఇంద్రియాలను గుర్రాలతోను, మనసును పగ్గంతోను, బుద్ధిని సారథితోను పోల్చింది. ఈ పోలికలో గుర్రాలను చంపుకొమ్మని గాని, కట్టివేయమని గాని చెప్పలేదు. గుర్రాలు లేని రథం కదలదు. యౌవనంలోని ఉత్సాహం, ఆశ, వేగం నిందింపదగినవి కావు. అవి గమ్యం చేర్చే గుర్రాలు. వాటిని దండించి నిర్జీవం చేసేవాడు, పగ్గం వదలి వాటి వెంట కొట్టుకుపోయేవాడు కూడా గమ్యం చేరలేరు. వాటి స్వభావం ఎరిగి, భయాన్ని పోగొట్టి, బిగింపు, సడలింపుల మర్మం తెలిసి నడిపించేవాడే నిజమైన రౌతు. అటువంటి రౌతు చేతిలో బక్కగుర్రం సైతం విదర్భ చేరుతుంది.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న సామెత అంతరార్థాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. అశ్వారోహణం ద్వారా విద్యార్థులు గ్రహించవలసిన గుణాలను సోదాహరణంగా చర్చించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నలుని కథలోని రెండు సత్యాలు ఏవి?
2. మెత్తదనానికీ, మృదుత్వానికీ గల భేదాన్ని రచయిత ఎలా నిరూపించారు?
3. లిస్ హార్టెల్ విజయగాథను సంగ్రహంగా రాయండి.

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బ్యూసెఫలస్ దేనిని చూసి బెదిరింది?
2. విరాటుని కొలువులో నకులుని మారుపేరు ఏది?
3. అమరకోశం అశ్వగతులకు పెట్టిన పేరు ఏది?
4. కఠోపనిషత్తు మనసును దేనితో పోల్చింది?

ఈ. సంధి విడదీసి, సంధి పేరు రాయండి.
అశ్వారోహణం, నలోపాఖ్యానం, కఠోపనిషత్తు

ఉ. మీకు తెలిసిన ఒక వృత్తిలో లేదా ఆటలో ‘బిగింపు, సడలింపు’ల అవసరం ఎలా ఉంటుందో మీ సొంత మాటలలో ఒక పుట రాయండి.